వేలు ఇక్కడ... తెర అక్కడ!

సొంతూళ్లో కూర్చుని ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటర్‌లో పనిచేసేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. స్క్రీన్ స్టక్కయితే చాలు, పెద్ద ప్లాన్‌కి మారిపోతున్నారు. నెలనెలా బిల్లు పెరుగుతోంది, స్టక్కవడం మాత్రం తగ్గట్లేదు. అసలు లోపం ఎక్కడుందో తెలిస్తే, చాలాసార్లు ఉన్న నెట్‌తోనే పని సాఫీగా సాగుతుంది.

సాయంత్రం ఏడు దాటాక పాలకొల్లులో ఓ అమ్మాయి డ్యూటీకి లాగిన్ అవుతుంది. ఆమె మెడికల్ కోడర్. తెర మీద కనిపిస్తున్న పేషెంట్ రికార్డు ఆమె ల్యాప్‌టాప్‌లో లేదు, అమెరికాలోని ఓ సర్వర్‌లో ఉంది. కామారెడ్డిలో ఆడిటర్ దగ్గర పనిచేసే కుర్రాడు, జీఎస్టీ రిటర్నుల గడువు దగ్గరపడితే రాత్రిపూట ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్‌లోని టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. అమ్మకి ఆపరేషనని గుడివాడ వచ్చిన బెంగళూరు ఇంజినీరు, సెలవులు అయిపోయినా మరో రెండు వారాలు అక్కడి నుంచే ఆఫీసు మెషీన్‌లో పని చేసుకుంటాడు. ముగ్గురూ వాడేది ఒకటే: రిమోట్ డెస్క్‌టాప్. ముగ్గురినీ విసిగించేదీ ఒకటే: మౌస్ కదిపితే పాయింటర్ ఆగి ఆగి కదలడం, కొట్టిన అక్షరం అర సెకను తర్వాత పడటం, ఉన్నట్టుండి తెర బిగుసుకుపోవడం.

దీన్ని చిన్న విసుగుగా కొట్టిపారేయకూడదు. కాల్ సెంటర్లు, బీపీవోలు ఉద్యోగుల చేత ఇంటి నుంచి పని చేయించాలంటే ఒకప్పుడు టెలికాం శాఖ నిబంధనలు చాలా కట్టుదిట్టంగా ఉండేవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక వాటిని సడలించారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఇంటి నుంచి పనికి దారి పూర్తిగా తెరిచాయి. చంటిపిల్లల తల్లులు, పెద్దవాళ్లని చూసుకోవాల్సినవాళ్లు, నగరంలో అద్దెలు కట్టలేనివాళ్లు ఊరు వదలకుండా ఉద్యోగం నిలబెట్టుకోగలుగుతున్నారంటే ఈ తెర పుణ్యమే. ఆ తెర సరిగ్గా కదలకపోతే టార్గెట్లు తప్పుతాయి, రేటింగులు పడిపోతాయి, ‘ఆఫీసుకి వచ్చేయండి’ అన్న మెయిల్ వస్తుంది. అందుకే దీన్ని బాగుచేసుకోవడం ఎలాగో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

బొమ్మ ఎలా వస్తోంది?

రిమోట్ డెస్క్‌టాప్‌లో మన కంప్యూటర్ చేసే పని చాలా తక్కువ. మనం నొక్కిన మీటని, మౌస్ కదలికని అవతలికి పంపుతుంది. అసలు పని అవతలి కంప్యూటర్ చేసి, మారిన తెరని బొమ్మగా తిప్పి పంపుతుంది. ఆ బొమ్మని మన కంప్యూటర్ చూపిస్తుంది. అంతే.

ఈ ఆలోచనకి అర్ధ శతాబ్దం దాటింది. 1968 డిసెంబరు 9న అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదిక మీద కూర్చుని, సుమారు 50 కిలోమీటర్ల దూరాన మెన్లోపార్క్‌లో ఉన్న కంప్యూటర్‌ని మౌస్‌తో నడిపి చూపించాడు. అక్కడి తెరని టీవీ కెమెరాతో తీసి మైక్రోవేవ్ లింకు మీద పంపారు. మీటల సమాచారం మాత్రం మోడెమ్ ద్వారా వెళ్లింది. 1984లో ఎంఐటీలో, దూరపు కంప్యూటర్‌లోని కిటికీలని మన తెర మీద చూపగల ఎక్స్ విండో వచ్చింది. 90ల్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఓ పరిశోధనశాల వీఎన్‌సీని తయారుచేసింది. 1998లో మైక్రోసాఫ్ట్ తన టెర్మినల్ సర్వర్‌తో ఆర్‌డీపీని తెచ్చింది. నేడు ఎక్కువ ఆఫీసులు వాడుతున్నవి ఈ ఆర్‌డీపీ, సిట్రిక్స్, లేదంటే ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి.

ఒక్కసారి లెక్క వేస్తే ఇవి ఎంత కష్టపడుతున్నాయో తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 అడ్డంగా, 1080 నిలువుగా మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకి 3 బైట్లు. అంటే ఒక్క బొమ్మే 6.2 మెగాబైట్లు. సెకనుకి 30 బొమ్మలు యథాతథంగా పంపాలంటే దాదాపు 1,500 ఎంబీపీఎస్ కావాలి. అంత లైను మామూలు ఇళ్లలో ఉండదు. అందుకే ఈ సాఫ్ట్‌వేర్లు తెరలో మారిన ముక్కని మాత్రమే పంపుతాయి, దాన్నీ కుదించి పంపుతాయి, ఒకసారి పంపిన ఐకాన్లని మన కంప్యూటర్‌లోనే దాచి మళ్లీ వాడతాయి. ఇంత పొదుపు వల్లే మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ డెస్క్‌టాప్ మార్గదర్శకాల్లో తేలికపాటి పనికి 1.5 ఎంబీపీఎస్, మధ్యస్థంగా ఉండే పనికి 3 ఎంబీపీఎస్ చాలని చెబుతోంది. బరువైన గ్రాఫిక్స్ పనికి కూడా అది సూచించేది 15 ఎంబీపీఎస్. మరి 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో అక్షరం ఆలస్యంగా ఎందుకు పడుతోంది?

నెమ్మది మూడు రకాలు

‘నెట్ స్లో’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో మూడు వేర్వేరు ఇబ్బందులున్నాయి.

మొదటిది వేగం చాలకపోవడం. సెకనుకి ఎంత సమాచారం పడుతుందన్నది ఇది. ప్లాన్ పేరులో కనిపించే ఎంబీపీఎస్ ఇదే. 2జీ సిగ్నల్‌లోనో, ఒకే లైను మీద నలుగురు వీడియోలు చూస్తున్నప్పుడో ఇది నిజంగానే అడ్డం పడుతుంది.

రెండోది ఆలస్యం. మన మీట అవతలికి వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. రోడ్డుని నాలుగు వరసలు చేస్తే ఎక్కువ బండ్లు పోతాయి గానీ, హైదరాబాద్ నుంచి తిరుపతికి ఉన్న దూరం ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. ఎంబీపీఎస్‌కీ, ఆలస్యానికీ ఉన్న తేడా అంతే. 

ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి ఆకాశమార్గాన దాదాపు 13 వేల కిలోమీటర్లు. తీగ గీత గీసినట్టు పోయినా, వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు కచ్చితంగా పడుతుంది. తీగలు అలా తిన్నగా పోవు. సముద్రాల అడుగున చుట్టూ తిరిగి, దారిలో ఎన్నో రూటర్లు దాటి వెళ్లాలి. అందువల్ల అమెరికా సర్వర్లతో 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఉండటం మామూలే. నిమిషానికి 40 పదాలు కొట్టే మనిషి సగటున 300 మిల్లీసెకన్లకో అక్షరం కొడతాడు. 250 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే, ఒక అక్షరం తెర మీద పడేసరికి వేలు దాదాపు తర్వాతి మీట మీదికి వచ్చేసి ఉంటుంది. తప్పు పడిందని తెలిసేసరికి ఇంకోటి కొట్టేస్తాం. వెనక్కి వెళ్లి దిద్దబోతే కర్సర్ ఎక్కడుందో తెలియదు. 100 మిల్లీసెకన్ల లోపు జరిగేది మనసుకి ‘వెంటనే’ జరిగినట్టే అనిపిస్తుంది. అది దాటేకొద్దీ చెయ్యి, కన్ను విడిపోతాయి.

మూడోది జారిపోవడం, ఊగిసలాట. సమాచారం చిన్నచిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. వాటిలో కొన్ని దారిలో పోతాయి, కొన్ని ఒకసారి 40 మిల్లీసెకన్లలో, ఇంకోసారి 400 మిల్లీసెకన్లలో చేరతాయి. ప్యాకెట్లని వరస తప్పకుండా చేర్చే టీసీపీ పద్ధతిలో ఒక్క ప్యాకెట్ పోయినా వెనక వచ్చినవన్నీ దానికోసం ఆగాలి. పోయినదాన్ని మళ్లీ అడిగి తెప్పించుకోవాలంటే ఇంకో రానూపోనూ ప్రయాణం. తెర ఒక్కసారిగా బిగుసుకుని, తర్వాత నాలుగైదు కదలికలు కలిపి దూకడానికి కారణం ఎక్కువగా ఇదే.

ఎంబీపీఎస్ పెంచితే మొదటి ఇబ్బంది ఒక్కటే పోతుంది. మిగతా రెండూ ఎక్కడివి అక్కడే ఉంటాయి.

ముందు కొలవండి

ఏ ఇబ్బందో తేల్చడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పింగ్’ అని కొట్టి, పక్కన చిరునామా ఇస్తే చాలు. ఇది మూడు చోట్లకి చేయాలి.

ముందు ఇంట్లోని రూటర్‌కి. చాలా రూటర్ల చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. జవాబు ఒకటి నుంచి ఐదు మిల్లీసెకన్లలో స్థిరంగా రావాలి. ఒకసారి 3, ఒకసారి 90, మధ్యలో ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే లోపం ఇంట్లోని వైఫైదే. కంపెనీనీ, కేబుల్ ఆపరేటర్‌నీ తిట్టుకుని లాభం లేదు. తర్వాత బయటికి, ఉదాహరణకి 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకి. ఇక్కడ జవాబు స్థిరంగా ఉంటే ఇంటి దాకా వచ్చే లైను బాగున్నట్టు. చివరగా ఆఫీసు సర్వర్‌కి లేదా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి మనల్ని చేర్చే వీపీఎన్ గేట్‌వేకి. కొన్ని కంపెనీలు పింగ్‌కి జవాబివ్వవు. అప్పుడు ఆర్‌డీపీ తెర పైన నడిమధ్య కనిపించే పట్టీలో సిగ్నల్ గుర్తుని నొక్కి చూడండి. కనెక్షన్ ఎలా ఉందో, యూడీపీ (ఒక ప్యాకెట్ పోయినా మిగతావాటిని ఆపని పద్ధతి) పనిచేస్తోందో లేదో అక్కడే చెబుతుంది.

వైఫైలో లోపమని తేలితే మొదటి పరిష్కారం చవకైనది: రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక ల్యాన్ కేబుల్. అది కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11 అని మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రూటర్లు ఆ మూడింటి మీదే కొట్టుకుంటాయి. రూటర్‌ని బీరువా వెనకో, టీవీ వెనకో పెట్టకండి.

ఇంటి రూటర్‌లోనే ట్రాఫిక్ జామ్

పొద్దున బాగానే ఉండే తెర సాయంత్రమయ్యేసరికి మొరాయిస్తోందా? దానికి కారణం మన ఇంట్లోనే దాక్కుని ఉండొచ్చు. ఇంట్లో ఎవరిదో ఫోను పెళ్లి వీడియోలని క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది. అప్‌లోడ్ లైను నిండిపోతుంది. నిండాక వచ్చిన ప్యాకెట్లని రూటర్ పారేయకుండా తన మెమరీలో వరసగా నిలబెడుతుంది. ఆ వరస వెనక మనం కొట్టిన ఒక్క అక్షరం కూడా నిలబడాలి. అప్పటిదాకా 40 ఉన్న పింగ్ 800 దాటిపోతుంది. ప్యాకెట్ ఒక్కటీ పోదు, స్పీడ్ టెస్ట్ మంచి అంకెలే చూపిస్తుంది, పని మాత్రం సాగదు.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెటిస్. ఎక్స్ విండోని తయారుచేసినవాళ్లలో ఒకరైన గెటిసే, 2010లో తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతుండగా ఆలస్యం సెకను దాటిపోవడం గమనించి ఈ లోపాన్ని వెలికితీశారు. 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ దీనికి కోడెల్ అనే పద్ధతి కనిపెట్టారు. వరసలో ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూసి, ఎక్కువైతే కొన్నిటిని ముందే వదిలేసి వరస పెరగనివ్వదు. దాని మీద డేవ్ టాట్, ఎరిక్ డ్యూమజే వంటివాళ్లు కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్, ఆ తర్వాత వచ్చిన కేక్ అనే పద్ధతులు ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఎస్‌క్యూఎం అనే అమరిక ఆన్ చేసి, మన లైను అసలు వేగంలో 85 నుంచి 90 శాతానికి హద్దు పెడితే వరస రూటర్‌లో పేరుకోదు. వేగంలో పదో వంతు వదులుకుంటే పింగ్ నిలకడగా ఉంటుంది.

అలాంటి రూటర్ లేనివాళ్లు చేయగలిగిందీ ఉంది. పనివేళల్లో ఫోన్ల ఫొటో బ్యాకప్‌ని ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ సింక్‌ని, విండోస్ అప్‌డేట్లని రాత్రికో తెల్లవారుజాముకో మార్చండి. రూటర్ సెట్టింగుల్లో క్యూవోఎస్ అని ఉంటే మీ ల్యాప్‌టాప్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

తక్కువ పంపితే త్వరగా వస్తుంది

లైను నిజంగానే చిన్నదైతే, దాని మీద మోసే బరువు తగ్గించడమే మార్గం. విండోస్‌లో స్టార్ట్ నొక్కి ఎంఎస్‌టీఎస్‌సీ అని కొడితే రిమోట్ డెస్క్‌టాప్ పెట్టె వస్తుంది. కింద ‘షో ఆప్షన్స్’ నొక్కితే వరసగా ట్యాబ్‌లు కనిపిస్తాయి. చాలామంది ఆ గుండీ జోలికే పోరు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

డిస్‌ప్లే ట్యాబ్‌లో తెర సైజు తగ్గించండి. 1920 బై 1080 నుంచి 1366 బై 768కి వస్తే చుక్కలు దాదాపు సగమవుతాయి. రెండు మానిటర్లు వాడుతుంటే నెట్ బాగాలేని రోజు ఒకదానితో సరిపెట్టుకోండి. పాత సర్వర్లయితే రంగుల్ని 16 బిట్‌కి తగ్గించడం వల్ల కూడా మేలుంటుంది.

ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో కనెక్షన్ రకం ‘లో స్పీడ్ బ్రాడ్‌బ్యాండ్’ అని ఎంచుకోండి. డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్, మెనూ యానిమేషన్లు, కిటికీని లాగుతున్నప్పుడు లోపలి బొమ్మంతా చూపించడం, వీటికి టిక్ తీసేయండి. వాల్‌పేపర్‌గా పెట్టుకున్న పాపాయి ఫొటో, కిటికీ మూసిన ప్రతిసారీ మళ్లీ ప్రయాణం చేసి రావాలని గుర్తుపెట్టుకోండి. ‘పర్సిస్టెంట్ బిట్‌మ్యాప్ క్యాషింగ్’ టిక్ మాత్రం ఉంచండి. ఒకసారి వచ్చిన ఐకాన్లని మన డిస్క్‌లో దాచి, మళ్లీ తెప్పించుకోకుండా చూసేది అదే. అక్షరాలు చదవడం కష్టమనిపిస్తే ఫాంట్ స్మూతింగ్ కూడా ఉంచుకోండి. కంటికి ఇబ్బంది పెట్టి చేసే పొదుపు అక్కర్లేదు.

లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో ప్రింటర్లు, డ్రైవ్‌లు, శబ్దం అవసరం లేకపోతే తీసేయండి. ముఖ్యంగా ప్రింటు. అవతలి కంప్యూటర్ నుంచి మన ప్రింటర్‌కి నేరుగా పంపితే ఒక్కోసారి నాలుగు పేజీలే మెగాబైట్లు అయిపోయి తెరని ఆపేస్తాయి. పీడీఎఫ్‌గా దాచి, విడిగా తెచ్చుకుని ఇక్కడ ప్రింటు తీయడం మేలు. పెద్ద ఫైళ్లు సెషన్‌లో కాపీ, పేస్టు చేసే అలవాటూ మానుకోవాలి.

వీడియో కాల్ రిమోట్ డెస్క్‌టాప్ లోపల పెట్టడం అన్నిటికన్నా పెద్ద భారం. పక్క ఊళ్లో ఉన్న సహోద్యోగి గొంతు అమెరికా సర్వర్‌కి పోయి, అక్కడి నుంచి మళ్లీ మన దగ్గరికి రావాలి. కంపెనీ ఒప్పుకుంటే టీమ్స్, జూమ్‌లని సొంత ల్యాప్‌టాప్‌లోనో, ఫోన్‌లోనో నేరుగా తెరవండి.

ఆలస్యాన్ని తప్పించుకునే పనితీరు

దూరాన్ని తగ్గించలేనప్పుడు, చూసి చేసే పనుల్ని తగ్గించుకోవాలి. మౌస్‌తో మెనూ తెరిస్తే, అది కనిపించేదాకా ఆగాలి. అందులో అంశం మీదికి వెళ్లి, మళ్లీ ఆగాలి. ప్రతి అడుగుకీ ఒక రానూపోనూ. అదే పనిని కీబోర్డు షార్ట్‌కట్‌తో చేస్తే మధ్యలో చూడాల్సింది ఏమీ ఉండదు. నాలుగు మీటలు వరసగా కొట్టేస్తే నాలుగూ ఒకేసారి ప్రయాణం చేస్తాయి. ఆలస్యం నాలుగుసార్లు పడాల్సింది ఒక్కసారే పడుతుంది. టాలీ వాడే పాతకాపులకి ఇది అలవాటే, వాళ్లు మౌస్ ముట్టుకోరు. పేజీలు దొర్లించేటప్పుడు చక్రం తిప్పకుండా పేజ్ డౌన్ వాడండి. చక్రం తిప్పిన ప్రతి మెట్టుకీ కొత్త బొమ్మ రావాలి. పెద్ద మెయిల్స్, నోట్స్ ఇక్కడే నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, పూర్తయ్యాక అవతల పేస్టు చేయండి. క్లయింటు నిబంధనలు క్లిప్‌బోర్డుని అనుమతించకపోతే ఇది కుదరదు, అక్కడ షార్ట్‌కట్లే దిక్కు.

సాఫ్ట్‌వేర్ ఎంపిక కూడా ముఖ్యమే. సంప్రదాయ వీఎన్‌సీలో, మన వైపు నుంచి అడిగితేనే అవతలివాళ్లు తర్వాతి బొమ్మ పంపుతారు. ఆలస్యం 250 మిల్లీసెకన్లుంటే సెకనుకి నాలుగు బొమ్మల కన్నా ఎక్కువ రావు, లైను ఎంత పెద్దదైనా సరే. టైగర్ వీఎన్‌సీ లాంటి కొత్తవి అడగకుండానే వరసగా పంపే ఏర్పాటు చేసుకున్నాయి. లినక్స్‌లో ఎక్స్ విండోని దూరం నుంచి నేరుగా వాడితే ప్రతి చిన్నదానికీ ఓ ప్రశ్న, ఓ జవాబు నడుస్తుంటాయి. ఇటలీలో పుట్టిన నోమెషీన్ వాళ్ల ఎన్ఎక్స్ పద్ధతి ఆ ప్రశ్నల్లో చాలావాటికి జవాబుని అక్కడికక్కడే చెప్పి ప్రయాణాలు తగ్గించింది. కేవలం కమాండ్లు కొట్టే పనైతే తెర బొమ్మే అక్కర్లేదు, అక్షరాలు మాత్రమే పంపే ఎస్ఎస్‌హెచ్ చాలు. లైను తెగుతూ వస్తుంటే ఎంఐటీలో 2012లో తయారైన మోష్ వాడొచ్చు. కొట్టిన అక్షరాన్ని అవతలి నుంచి జవాబు రాకముందే మన తెర మీద చూపించేస్తుంది.

సముద్రం అడుగున ఏం జరిగినా...

ఇంట్లో అన్నీ సరిగా ఉన్నా ఓ రోజు ఉన్నట్టుండి అందరికీ నెమ్మదిస్తుంది. 2025 సెప్టెంబరు 6న సౌదీలోని జెద్దా దగ్గర ఎర్రసముద్రంలో ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయి. భారత్, పాకిస్తాన్‌లలో నెట్ మందగించింది. తమ క్లౌడ్ సేవల్లో ఆలస్యం పెరగొచ్చని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మన దేశం నుంచి ఐరోపా, అమెరికా తూర్పు తీరానికి వెళ్లే సమాచారంలో చాలా భాగం ముంబయి, చెన్నై లాంటి చోట్ల సముద్రంలోకి దిగి, ఎర్రసముద్రం, ఈజిప్టు మీదుగానే పోతుంది. అక్కడ తెగితే చుట్టుదారి పట్టాలి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు, దాంతోపాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్ల ద్వారాన్నీ కడతామంది. మన తీరానికి అలాంటి మరో దారి రావడం తెలుగు ఊళ్లలోని రిమోట్ ఉద్యోగులందరికీ అవసరం. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఏపీ ఫైబర్‌నెట్, మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన టీ-ఫైబర్ ఊరి దాకా దారి వేశాయి. ఇక ఊళ్లో లైను తెగిన రోజున ఎంత తొందరగా అతుకుతారన్నదే జీతాల్ని నిర్ణయిస్తోంది.

తాళం తీసి పెట్టొద్దు

వేగం కోసం భద్రతని వదులుకోకూడదు. వీపీఎన్ వల్ల నెమ్మదిస్తోందని కొందరు ఆఫీసు కంప్యూటర్ ఆర్‌డీపీ పోర్టు 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేస్తారు. పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఆ పోర్టు కోసమే వెతుకుతుంటాయి. 2019లో ఆర్‌డీపీలో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపం ఎంత తీవ్రమంటే, మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పట్లో మరమ్మతు విడుదల చేసింది. వీపీఎన్ నెమ్మదిగా ఉంటే దాన్ని టీసీపీ నుంచి యూడీపీకి, లేదా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతికి మార్చమని అడగండి. తీసేయమని అడక్కండి. 

ఇంకో జాగ్రత్త మన పెద్దవాళ్ల కోసం. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, ఖాతా ఖాళీ చేసే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. తెలియనివాళ్లకి తెర అప్పగించొద్దు. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కంపెనీలు చేయాల్సింది

ఇంతవరకూ చెప్పుకున్నవి ఉద్యోగి చేతిలో ఉన్నవి. పెద్ద మార్పు మాత్రం కంపెనీల చేతిలో ఉంది. విండోస్ 8 కాలం నుంచే ఆర్‌డీపీకి యూడీపీ వచ్చింది. ఒక ప్యాకెట్ పోతే మిగతావన్నీ ఆగిపోకుండా చూసేది అదే. అయినా ఫైర్‌వాల్‌లో యూడీపీని మూసేసి, ఉద్యోగులని టీసీపీ మీదే నడిపించే కంపెనీలున్నాయి. సర్వర్ ముంబయిలో, వీపీఎన్ గేట్‌వే అమెరికాలో పెట్టి, ఏలూరు ఉద్యోగి మీటని రెండుసార్లు సముద్రం దాటించే ఏర్పాట్లూ ఉన్నాయి. ఎనీడెస్క్ లాంటివి రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా కలపలేకపోతే మధ్యవర్తి సర్వర్ మీదుగా పంపుతాయి. అది దూరంగా ఉంటే పక్కవీధి కంప్యూటర్ కూడా పరదేశమే. రస్ట్‌డెస్క్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఆ మధ్యవర్తిని మన ఊళ్లోనే పెట్టుకోవచ్చు. ఒక్క అప్లికేషన్ కోసం మొత్తం డెస్క్‌టాప్‌ని పంపక్కర్లేదు. విండోస్ సర్వర్ 2008 నుంచే ఉన్న రిమోట్ యాప్‌తో ఆ ఒక్క కిటికీనే పంపొచ్చు.

ఇవన్నీ చేయకుండా, నిమిషానికి ఎన్ని మీటలు కొట్టాడు, గంటకి ఎన్ని చార్టులు పూర్తిచేసింది అని ఉత్పాదకత లెక్కలు వేయడం అన్యాయం. 280 మిల్లీసెకన్ల లైను మీద పనిచేసే ఉద్యోగినీ, 20 మిల్లీసెకన్ల లైను మీద పనిచేసే ఉద్యోగినీ ఒకే కొలబద్దతో కొలిస్తే, కొలిచేది మనిషి శ్రమని కాదు, తీగ పొడవుని. ఆ లెక్కలో సెషన్ ఆలస్యాన్ని కూడా చేర్చాలి. ఆ అంకె సిట్రిక్స్‌లోనూ, ఆర్‌డీపీలోనూ ఐటీ విభాగానికి కనిపిస్తూనే ఉంటుంది.

ఉద్యోగులకి చివరగా ఒక మాట. ‘నెట్ స్లోగా ఉంది సార్’ అంటే ఐటీ విభాగం ‘మీ ఆపరేటర్‌ని అడగండి’ అంటుంది. ‘రూటర్‌కి 2, బయటికి 18, మీ గేట్‌వేకి 310 మిల్లీసెకన్లు వస్తోంది, యూడీపీ లేదని చూపిస్తోంది’ అని రాయండి, స్క్రీన్‌షాట్ జతచేయండి. ఆ మెయిల్‌ని పక్కన పెట్టడం కష్టం. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడూ అంతే, స్పీడ్ టెస్ట్ కాదు, పింగ్ చూపించండి. పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టే ముందు ఓ పది నిమిషాలు కొలవండి. లోపం ఎవరి దగ్గరుందో తేల్చి, వాళ్లనే అడగండి.